గాజుపోగుల పడవ

ఉగాది దగ్గరపడేసరికి మన ఇళ్ళలో వేపపువ్వు కోసం వెతుకులాట మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ న్యూ ఇంగ్లండు తీరం వెంట ఉన్న పడవల యార్డుల్లో ఇంకో రకం సందడి మొదలవుతుంది. చలికాలమంతా ఒడ్డున ఇనుప కాళ్ళ మీద నిలబెట్టి, ప్లాస్టిక్ ముసుగు కప్పి ఉంచిన పడవలకు ఆ ముసుగులు తీసి, అడుగు గీకి, రంగు వేసి, మే నెలకల్లా నీళ్ళలోకి దించాలి. చేతిలో ఉప్పుకాగితం, కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పడవ కింద వెల్లకిలా పడుకున్నవాళ్ళలో పన్నెండేళ్ళకు పైగా నేనూ ఒకణ్ణి.

"మీకు పడవ ఉందటగా!" అని మన సంఘం కార్యక్రమాల్లో చాలామంది అడుగుతుంటారు. వాళ్ళ మనసులో ఉన్నది తెల్లగా మెరిసిపోతూ, పైన హీరో హీరోయిన్లు పాట పాడుకునే రకం పడవ. నా పడవ 1963లో తయారైంది. అంటే వయసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. పొడవు ఇరవై ఎనిమిది అడుగుల చిల్లర. ఒక తెరచాప కొయ్య, రెండు తెరచాపలు, లోపల నలుగురు పడుకోవటానికి నాలుగు బల్లలు, ఒక చిన్న పొయ్యి, నిలబడితే తల తగిలే మరుగుదొడ్డి. ఇలా లోపల వండుకు తిని, పడుకుని, రోజుల తరబడి రేవు నుంచి రేవుకు పోగల పడవల్ని ఇక్కడ క్రూజింగ్ పడవలంటారు. కొన్న ధర 3,500 డాలర్లు. ఆ ఏడు మా వ్యాన్ ట్రాన్స్‌మిషన్ బాగుచేయించటానికి అయిన ఖర్చుకంటే కాస్త ఎక్కువ. కొన్న తరవాత పెట్టిన ఖర్చు సంగతి ఇక్కడ రాయను. ఈ సంచిక మా ఇంటికి కూడా వస్తుంది.

వృత్తిరీత్యా నేను మెకానికల్ ఇంజనీర్ని. ఎండకూ వానకూ ఉప్పుగాలికీ వదిలేసిన వస్తువు ఏదైనా ఇరవై ముప్పై ఏళ్ళకు మించి పనికొస్తుందని మా లెక్కల్లో ఎవరూ రాసివ్వరు. అలాంటిది అరవై ఏళ్ళు నీళ్ళలో నానిన ఈ పడవ ఒళ్ళు ఇంకా ఎందుకు గట్టిగా ఉంది? ఈ ప్రశ్న వెంటపడి నేను తెలుసుకున్నది ఒక మంచి చరిత్ర. అది చాలావరకు మనం ఉంటున్న ఈ ప్రాంతంలోనే జరిగింది కూడా.

మొదట కొయ్య పడవ సంగతి చెప్పాలి. కాకినాడ, తాళ్ళరేవు వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఇది కొత్త కాదు. పక్కటెముకల్లాంటి వంపు కలపల మీద పలకలు బిగించి, పలకల సందుల్లో నూలుపోగులు కూరి, పైన గుగ్గిలం లాంటిది పూస్తారు. నీళ్ళలో పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఒడ్డున ఎండితే మళ్ళీ తెరుచుకుంటాయి. కొయ్యను తొలిచే సముద్రపు పురుగులు ఒక పక్క, మంచినీళ్ళు నిలిచి కుళ్ళే మూలలు ఇంకో పక్క. ఏటా ఈ పని చెయ్యకపోతే పడవ పదేళ్ళు కూడా బతకదు. అందుకనే ఈ దేశంలో సరదా కోసం తెరచాప పడవ ఉంచుకోవటం చాలాకాలం పనివాళ్ళను పెట్టుకోగల శ్రీమంతుల వ్యవహారంగానే ఎక్కువగా నడిచింది.

కొయ్య పడవ స్వభావం తెలియాలంటే 'సుహైలీ' కథ చాలు. ముప్ఫై రెండు అడుగుల ఆ పడవను మన బొంబాయిలో టేకుతో కట్టారు. రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ 1968-69లో అందులో ఒంటరిగా, ఎక్కడా రేవులో ఆగకుండా 312 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చాడు. అలా చేసిన మొదటి మనిషి ఆయనే. దారిలో నీటిమట్టానికి కింద సందుల్లోంచి నీళ్ళు లోపలికి కారుతుంటే నడిసముద్రంలో మునిగి, ఆ సందులు పూడ్చి పైన రాగి రేకు కొట్టాడు. 1997లో ఆ పడవను గ్రీనిచ్‌లోని సముద్రయాన మ్యూజియంలో భద్రంగా పెట్టారు. దక్షిణ సముద్రాల తుఫానులు చెయ్యలేని పని అక్కడి పొడిగాలి చేసింది. పలకలు ముడుచుకుపోవటం మొదలైంది. 2002లో ఆయన దాన్ని బయటికి తీసుకెళ్ళి మళ్ళీ బాగుచేసుకున్నాడు. కొయ్య పడవ నీళ్ళలో తిరుగుతుంటేనే బతుకుతుంది.

గాజుపోగుల పడవది ఇంకో స్వభావం. 1932లో ఒహాయోలోని ఒక గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు వేరే ఏదో ప్రయోగం చేస్తుండగా, కరిగిన గాజు మీద గాలి జోరుగా తగిలి సన్నటి పోగులుగా చెదిరిపోయింది. ఆ పోగుల్నే వ్యాపారం చెయ్యటానికి 1938లో ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ పుట్టింది. దాదాపు ఆ రోజుల్లోనే పాలియెస్టర్ రెజిన్ అనే జిగురు వచ్చింది. దీనికి పొయ్యి అక్కరలేదు, ఒత్తిడి అక్కరలేదు. రెండు చుక్కల మందు కలిపితే తనంత తాను గట్టిపడుతుంది. గాజుపోగుల గుడ్డను ఈ జిగురులో తడిపి పొరలు పొరలుగా పరిస్తే అదే ఫైబర్‌గ్లాస్. 1942లో టొలీడోలో రే గ్రీన్ అనే ఆయన ఇలా ఒక చిన్న పడవ చేశాడు. యుద్ధకాలంలో విమానాల రాడార్లకు మూతలు కూడా ఈ సరుకుతోనే చేశారు.

పని విధానం మనకు తెలియనిది కాదు. సంక్రాంతికి పంచదార చిలకలు పోసే చెక్క అచ్చు చూశారు కదా, అలాంటి అచ్చే, కాకపోతే ఇరవై ఎనిమిది అడుగులది. అచ్చు చెయ్యటానికి గొప్ప వడ్రంగి కావాలి. ఒకసారి అచ్చు తయారయ్యాక మామూలు కూలివాళ్ళు బకెట్టూ బ్రష్షూ పట్టుకుని పడవ మీద పడవ పోసుకుంటూ పోవచ్చు. పలకలు లేవు, సందులు లేవు, పురుగు లేదు.

అయినా వెంటనే ఎవరూ నమ్మలేదు. 1951లో మన పక్కనే ఉన్న వారెన్ అనే ఊళ్ళో సిడ్నీ హెరెషాఫ్ గీసిన నమూనాతో నలభై రెండడుగుల 'ఆరియన్' తయారైంది. కానీ దాని వెంట రెండోది రాలేదు. 1956-57లో కాలిఫోర్నియాలో 'బౌంటీ 2' అనే నలభై అడుగుల పడవ వచ్చింది. అది మంచి పడవే గాని మధ్యతరగతి వాడి చేతికి అందేది కాదు.

ఆ రోజుల్లోనే క్లింటన్ పియర్సన్, ఎవరెట్ పియర్సన్ అనే ఇద్దరు దాయాదులు బ్రౌన్ యూనివర్సిటీలో చదువు ముగించి, సీకాంక్‌లో ఒక గరాజులో చిన్న చిన్న ఫైబర్‌గ్లాస్ పడవలు చేసి అమ్ముకుంటున్నారు. టామ్ పాటర్ అనే ఆయన వాళ్ళ దగ్గరకు వచ్చి, కుటుంబం మొత్తం పడుకోగల తెరచాప పడవ పదివేల డాలర్ల లోపు చెయ్యగలరా అని అడిగాడు. నమూనా గీయటానికి కార్ల్ ఆల్‌బెర్గ్‌ను కుదిర్చారు. ఈయన స్వీడన్‌లో పుట్టి 1920లలో ఇక్కడికి వలస వచ్చినవాడు. తన దేశపు పడవల పోలికను చివరిదాకా వదలలేదు. సన్నటి నడుము, ముందూ వెనకా నీళ్ళ మీదకు సాగిన ముక్కూ తోకా, అడుగున ఈ చివరి నుంచి దాదాపు ఆ చివరి దాకా సాగే వెన్నుగట్టు, అందులో సుమారు 3,000 పౌండ్ల సీసం. ఎక్కడెక్కడి దేశాలకో వెళ్ళినవాళ్ళు తమ ఊరి వంట వదులుకోనట్టే ఈయన తన ఊరి పడవను వదులుకోలేదు. ఆ పడవకు ట్రైటన్ అని పేరు పెట్టారు. నా దగ్గర ఉన్నది అదే.

1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు మొదటి ట్రైటన్‌ను తీసుకుపోయారు. పడవను అక్కడికి చేర్చటానికి కూడా వాళ్ళ దగ్గర డబ్బులేక అప్పు చేశారని, హోటలు బిల్లు కట్టటానికి ఒక పడవ అమ్ముడుపోవలసి వచ్చిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ధర 9,700 డాలర్లు. అప్పట్లో సగటు అమెరికన్ కుటుంబం ఏడాదికి సంపాదించేది సుమారు 5,400 డాలర్లు. రెండేళ్ళ జీతం అంటే తక్కువేం కాదు. కానీ స్కూలు మాస్టరూ పళ్ళ డాక్టరూ అప్పు చేసి కొనగలిగిన ధర. ప్రదర్శన ముగిసేసరికి పదిహేడు పడవలకు ఆర్డర్లు వచ్చాయి. అంత పని గరాజులో కాదు గనక బ్రిస్టల్‌లో ఖాళీగా ఉన్న పాత హెరెషాఫ్ యార్డును కొన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ హెరెషాఫ్ యార్డు మామూలు చోటు కాదు. 1893 నుంచి 1934 దాకా అమెరికా కప్పును నిలబెట్టిన పడవలన్నీ అక్కడ తయారైనవే. జె.పి. మోర్గన్ లాంటి కోటీశ్వరులు డబ్బు పోస్తే, ఆ కాలపు అత్యుత్తమ వడ్రంగులు పనిచేసిన చోటు. అదే కప్పు కింద ఇప్పుడు స్కూలు మాస్టర్ల కోసం బకెట్టులో జిగురు కలపటం మొదలైంది. పాతకాలపు వాళ్ళు ముక్కు మీద వేలేసుకుని ఉంటారు. నన్నడిగితే ఆ యార్డు చరిత్రలో అన్నిటికంటే గొప్ప ఘట్టం అదే. బ్రిస్టల్‌లో హెరెషాఫ్ మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకుని వెళ్ళదగ్గ చోటు.

1961లో విమానాలు చేసే గ్రమ్మన్ కంపెనీ పియర్సన్ కంపెనీలో పెత్తనం కొనుక్కుంది. 1967 దాకా ఏడువందలకు పైగా ట్రైటన్లు తయారయ్యాయి. దాన్ని చూసి అటు కెనడాలో, ఇటు కాలిఫోర్నియాలో ఎన్నో కంపెనీలు లేచాయి. 1973లో చమురు ధరలు పెరిగాయి. రెజిన్ చమురులోంచే వస్తుంది గనక ఆ తరవాత పడవల ఒళ్ళు పలచబడింది. 1991లో లక్ష డాలర్లు దాటిన పడవల మీద పది శాతం విలాసపు పన్ను వేశారు. 1993లో దాన్ని ఎత్తివేసేటప్పటికి చాలా యార్డులు మూతపడ్డాయి. పియర్సన్ కంపెనీ కూడా 1991లోనే మూతపడింది. పన్ను ఒక్కటే కారణం కాదు. అప్పటికే దేశంలో ఎక్కడ చూసినా పాత పడవలు ఉన్నాయి, అవి పాడవటం లేదు. కొత్తవి ఎవరు కొంటారు?

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు దగ్గరకు వచ్చాం. 1959లో ఈ సరుకు ఎన్నేళ్ళు నిలుస్తుందో ఎవరికీ తెలియదు. నిలిచి చూపించిన పాత పడవ ఒక్కటీ లేదు. లెక్క కట్టటానికి అంకెలు లేవు. అంకెలు లేనప్పుడు జాగ్రత్తపరుడైన ఇంజనీరు చేసే పనే వాళ్ళూ చేశారు. ఎందుకైనా మంచిదని ఇంకో రెండు పొరలు వేశారు. రెజిన్ కూడా అప్పట్లో చవక. నా పడవ అడుగుకు ఒక చోట కన్నం చెయ్యవలసి వచ్చినప్పుడు బయటికి వచ్చిన బిళ్ళను దాచుకున్నాను. అంగుళంలో సగానికి పైగా మందం, మధ్యలో ఖాళీ లేకుండా గట్టి గాజు. అనుమానం వల్ల వచ్చిన బలం అది. తరవాతివాళ్ళు లెక్కలు నేర్చుకున్నారు, పొదుపూ నేర్చుకున్నారు. వాళ్ళ పడవలకు అడుగున నీటిపొక్కులు లేవటం లాంటి జబ్బులు ఈ తొలితరం పడవలకంటే ఎక్కువ వచ్చాయి.

ఇంత గట్టి ఒంటికి మిగతా అవయవాలన్నీ మామూలువే కావటం అసలు చిక్కు. ఒళ్ళు చావదు, దానికి అంటుకున్నవన్నీ ఒక్కొక్కటే చస్తాయి. పాత పడవ సొంతదారు పనంతా ఇదే.

మొదట పోయేది పైకప్పు. నడిచే చోట బరువు తగ్గించటానికి రెండు పలచటి గాజు పొరల మధ్య బాల్సా కొయ్య ముక్కలు నిలువుగా పేర్చారు. బాల్సా తేలిక, గట్టి, నీళ్ళు తగలనంత వరకు బంగారం. అరవై ఏళ్ళలో ఒక్కొక్క సొంతదారూ తనకు తోచిన చోట ఒక కొక్కెమో కడ్డీయో బిగించాడు. ప్రతి మేకు కన్నమూ ఒక కుళాయే. చిన్న సుత్తితో కొట్టుకుంటూ వెళితే మంచి చోట 'టక్' మంటుంది, కుళ్ళిన చోట 'బొద్' మంటుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు మన పెద్దవాళ్ళు చూసే పరీక్ష లాంటిదే. నా పడవ ముందు భాగంలో పై పొర కోసి తీస్తే కింద ఉన్నది కొయ్య కాదు, తడిసిన కాఫీ పొడి. అదంతా గోకి, ఎండబెట్టి, కొత్త బాల్సా ఎపాక్సీతో అతికించి, పై పొర మళ్ళీ మూసేసరికి రెండు వేసవులు పట్టాయి. అప్పటి నుంచి మేకు కొట్టదలచిన ప్రతి చోటా ముందు పెద్ద కన్నం చేసి, ఎపాక్సీతో పూడ్చి, దాని మధ్యలో మేకుకు కన్నం చేస్తాను. ఈ కిటుకు 1963లో వాడి ఉంటే నాకీ పని తప్పేది. కానీ వాళ్ళకు అరవై ఏళ్ళ తరవాతి మనిషి గురించి ఆలోచించే పని ఏముంది?

రెండోది తెరచాప కొయ్య కింది దూలం. ట్రైటన్‌లో ఆ కొయ్య పడవ అడుగు దాకా దిగదు, క్యాబిన్ కప్పు మీదే నిలబడుతుంది. ఇరుపక్కలా బిగించిన తీగలు దాన్ని కిందికి లాగుతుంటాయి. గాలి జోరుగా ఉన్నప్పుడు ఆ కప్పు మీద టన్నుల లెక్కన భారం పడుతుంది. ఆ భారమంతా కప్పు కింద ఉన్న ఒక కొయ్య దూలం మీదికి, దాని నుంచి గుమ్మం పక్క నిలువు కర్రల మీదికి దిగాలి. ఆ కర్రల పాదాలు అడుగున ఎప్పుడూ తడిగా ఉండే చోట ఉంటాయి. మరుగుదొడ్డి తలుపు మూసుకోవటం లేదంటే తలుపు ఉబ్బిందనుకుంటాం. కాదు, పైన దూలం దిగిపోతోందని అర్థం. ఈ రకం పడవలున్న ప్రతివాడికీ ఈ తలుపు సంగతి తెలుసు. జాకీ పెట్టి కప్పును రోజుకో నూలు చొప్పున లేపి, పాదాలు మార్చి, దూలానికి స్టీలు పట్టీ తొడిగాను. నేను చదివిన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ నాకు ఉద్యోగంలోకంటే ఇక్కడే ఎక్కువ ఉపయోగపడింది.

ఇంజను కథ కూడా చరిత్రే. ట్రైటన్‌కు మొదట పెట్టింది అటామిక్ ఫోర్ అనే పెట్రోలు ఇంజను. విస్కాన్సిన్‌లో యూనివర్సల్ కంపెనీ 1947 నుంచి 1984 దాకా సుమారు నలభై వేలు చేసింది. దాని పూర్వీకుడు యుద్ధకాలంలో ఓడల లైఫ్‌బోట్లకు చేసిన ఇంజను. మంచి ఇంజనే గాని పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది పడవ అడుగున పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని తాళం తిప్పే ముందు నాలుగైదు నిమిషాలు ఫ్యాను వేసి అడుగున గాలి బయటికి తోలాలి. చాలామంది దాన్ని తీసేసి డీజిల్ పెట్టుకున్నారు. కొత్త డీజిల్, అమర్చే కూలీ కలిపితే పడవ ఖరీదుకు మూడు నాలుగు రెట్లు. నేను పాతదాన్నే బాగుచేసుకుని వాడుతున్నాను.

ఇక మిగతా సామాను. గోడ పలక విప్పితే ఒక్కొక్క దశాబ్దం ఒక్కొక్క పొరగా కనిపిస్తుంది. 1970లలో ఎవరో మంచి కంచు కవాటాలు తీసేసి ఇళ్ళలో వాడే ఇత్తడివి బిగించారు. ఉప్పునీళ్ళలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి ఎర్రటి గుల్ల మిగిలింది. చేత్తో తిప్పితే ఊడి వచ్చేట్టుంది. అది ఊడితే పడవ మునుగుతుంది. మళ్ళీ కంచువే పెట్టాను. 1980లలో ఇంకొకాయన లోరాన్ రేడియో పెట్టి, పదడుగుల తీగ వదిలేసి వెళ్ళాడు. ఆ తీర కేంద్రాలను 2010లో మూసేశారు. జి.పి.ఎస్. సిగ్నలును మామూలు జనానికి కావాలని మసకబార్చే పద్ధతి 2000 మేలో ఆపేశాక చిన్న పడవల్లో దిక్కు తెలుసుకోవటం ఫోనులో సమయం చూసుకున్నంత తేలికైంది. అయినా కాయితం మ్యాపు ఒకటి బల్ల కింద ఉంచుతాను. మా అమ్మాయి నవ్వుతుంది.

కొత్త సామాను ఎంతవరకు పెట్టాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న. సముద్రంలో ఆగిపోయినా ఇల్లు చేర్చగలిగినవి ముందు, సుఖమిచ్చేవి తరవాత. కవాటాలు, తీగలు, చుక్కాని, నీళ్ళు తోడే పంపు. ఆ తరవాతే ఫ్రిజ్జు. జేమ్స్ బాల్డ్‌విన్ అనే ఆయన నా పడవ లాంటి ట్రైటన్‌లోనే రెండుసార్లు ప్రపంచం చుట్టి వచ్చాడు. ఆయన పడవలో ఉన్న వస్తువులకంటే లేని వస్తువుల జాబితా పొడుగు.

ఇలాంటి ముసలి పడవలకు ఈ మధ్య కాస్త గౌరవం కూడా వచ్చింది. నాక్స్ జాన్‌స్టన్ యాత్రకు యాభై ఏళ్ళయిన సందర్భంగా 2018లో మొదలుపెట్టిన గోల్డెన్ గ్లోబ్ పందెంలో 1988కి ముందు గీసిన, పొడుగు వెన్నుగట్టు ఉన్న పడవలకే ప్రవేశం. 2022-23 పందెంలో మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ ముప్ఫై ఆరడుగుల పాత రకం ఫైబర్‌గ్లాస్ పడవలో రెండో స్థానంలో వచ్చాడు. గాలిని బట్టి చుక్కాని తిప్పే పరికరం విరిగితే మరుగుదొడ్డి తలుపు కోసి దానికి రెక్కలు చేసుకున్నాడు. ఆ వార్త చదివి మా యార్డులో అందరం చాలా ఆనందించాం. తలుపు మూసుకోకపోయే బాధ కూడా దానితో తీరుతుంది కదా!

నేను పుట్టి పెరిగింది కాకినాడ. కోరంగి అక్కడికి ఎంతో దూరం కాదు. ఈ రోజు మడ అడవులు చూడటానికి వెళ్ళే ఆ ఊరు ఒకప్పుడు తూర్పు తీరంలో ఓడలు కట్టటానికీ, అంతకంటే ముఖ్యంగా ఓడలు బాగుచెయ్యటానికీ పేరుపడ్డ రేవు. 1802లో ఇంగ్లీషు యుద్ధనౌకను అక్కడి డాక్‌లోకి ఎక్కించి మరమ్మత్తు చేశారు. 1839 నవంబరు తుఫానులో ఆ రేవు దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. బర్మా వెళ్ళిన మన వాళ్ళందరికీ కోరంగీలు అన్న పేరు మాత్రం మిగిలింది. మన తీరపు మసూలా పడవ సంగతి ఇంకా బాగుంటుంది. పలకలకు మేకులుండవు, కొబ్బరిపీచు తాడుతో కుడతారు. కెరటం కొట్టినప్పుడు మేకు పడవ విరుగుతుంది, కుట్టు పడవ వంగుతుంది. తాడు నానిపోతే విప్పి మళ్ళీ కుట్టుకుంటారు. బాగుచేసుకోవటం ఆ పడవ నిర్మాణంలోనే ఉంది. ఉప్పుకాగితం పట్టుకున్నప్పుడు నాకు ఆ కుట్టే చేతులు గుర్తొస్తాయి. 2017-18లో ఆరుగురు నౌకాదళ మహిళలు 'తారిణి'లో ప్రపంచం చుట్టి వచ్చారు. వాళ్ళలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. అదీ ఫైబర్‌గ్లాస్ పడవే. దారిలో చుక్కాని బాగుచేసుకోవటానికి మౌరిషస్‌లో ఆగవలసి వచ్చింది. అదే పడవలో 2024-25లో ఇద్దరు మహిళలు మరోసారి చుట్టి వచ్చారు.

చివరగా, ఈ వ్యాసం రాయాలనిపించిన అసలు సంగతి. రెండేళ్ళ కిందట మా యార్డులో నా పక్కనున్న పడవ, నాదాని ఈడుదే, సొంతదారు పోయాక నాలుగేళ్ళు ఎవరూ అద్దె కట్టక పడి ఉంది. ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు రాలేదు. ఒకరోజు జె.సి.బి. లాంటి యంత్రం వచ్చి ఇనుప గోళ్ళతో దాన్ని నలిపింది. ఒళ్ళు ఒక పట్టాన విరగలేదు. సీసం, కంచు అమ్ముకోవటానికి తీసి, మిగిలింది చెత్త లారీలో వేశారు. అది వెళ్ళేది భూమిలో పాతిపెట్టే చోటికి. కొయ్య అయితే మట్టిలో కలుస్తుంది, ఇనుము అయితే కరిగిస్తారు. గట్టిపడిన ఈ జిగురు కరగదు, కుళ్ళదు. 1960, 70, 80లలో పోసిన పడవలన్నీ ఒక్కసారిగా ముసలివయ్యాయి. వాటి సొంతదారులు కూడా అయ్యారు.

ఎవరెట్ పియర్సన్ తరవాత పెట్టిన కంపెనీ క్రమంగా గాలిమరల రెక్కలు చేసే కంపెనీ అయింది. ఆ రెక్కలదీ ఇదే సరుకు, ఇప్పుడు వాటిదీ ఇదే సమస్య. దీనికి కొన్ని దారులు వెతుకుతున్నారు. రోడ్ ఐలండ్‌లోనే కొన్నేళ్ళ కిందట పడవల వ్యాపారుల సంఘంవారు పాత పడవల్ని ముక్కలు చేసి సిమెంటు ఫ్యాక్టరీకి పంపే ప్రయోగం మొదలుపెట్టారు. బట్టీలో రెజిన్ ఇంధనంగా కాలుతుంది, గాజు సిమెంటులో కలుస్తుంది. ఫ్రాన్సులో 2019 నుంచి కొత్త పడవలు తయారుచేసి అమ్మేవాళ్ళ దగ్గర వసూలు చేసిన రుసుముతో పాతవాటిని విప్పే ఏర్పాటు నడుస్తోంది. ఇది నాకు న్యాయంగా తోస్తుంది. పుట్టించేవాడే పోయేనాటి ఖర్చు కూడా భరించాలి. కానీ నా పడవను పుట్టించిన కంపెనీ మూతపడి ముప్ఫై ఏళ్ళు దాటింది.

అందువల్ల దాని బాధ్యత నాది. వదిలేస్తే ఇంకొకరికి చెత్త, ఉంచుకుంటే ఏటా ఖర్చు. ఇన్స్యూరెన్సు వాళ్ళు ఈ ఏడు మళ్ళీ సర్వే రిపోర్టు అడిగారు. సర్వేయరు వచ్చి సుత్తితో కొట్టి చూసి, ఒళ్ళు బాగుంది, తెరచాప కొయ్యను పట్టి ఉంచే స్టీలు తీగలన్నీ మార్చమని రాసిచ్చాడు. బయటికి మెరుస్తున్నా బిగింపుల లోపల సన్నటి పగుళ్ళు వచ్చాయట. కొటేషను తెప్పించాను. అది పడవ కొన్న ధర దాటింది. మా ఆవిడ చదివి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, "ఎప్పుడు మారుస్తారు?" అంది. ఏప్రిల్ రెండో వారంలో పని మొదలుపెడుతున్నాం. తీగల కొలతలు పట్టుకోవటానికి ఇంకో మనిషి కావాలి. మన సభ్యుల్లో ఎవరికైనా కుర్రవాళ్ళు ఖాళీగా ఉంటే శనివారం యార్డుకు పంపండి. మధ్యాహ్నం భోజనం నాది.